‘మనుషులు మారాలి’ – మారవలసిన వారిలో మనము లేమా?

ఉధ్నా జంక్షను సూరతు స్టేషనుకు దక్షిణాన, ముంబయి నుండి వడోదరకు పోయే పశ్చిమ రైల్వే ప్రధాన మార్గముపై ఉన్నది. తాపీ లోయ గుండా జల్‌గావ్ వైపు పోయే మార్గము ఇక్కడే చీలుతుంది. అహమ్మదాబాదు నుండి వరంగల్లు, విజయవాడల మీదుగా చెన్నైకి పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్సు ఈ మలుపులోనే తూర్పు ముఖము పడుతుంది. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుండి మరమగ్గాల పనికి వచ్చిన మన నేత కుటుంబాలకు ఊరితో ఉన్న సంబంధము ఆ బండి. వారిలో కొందరు నేరుగా వచ్చినవారు, కొందరు షోలాపురము, భివండీ మగ్గాల మీద కొన్నేళ్ళు గడిపి వచ్చినవారు. ఒకప్పుడు నెల మొదటి వారములో తపాలా కిటికీల ముందు మనీయార్డరు ఫారాలు పట్టుకొని నిలుచున్న వరుసలలో వీరిని మన తపాలా సోదరులు చూసియే ఉంటారు.

ఆ మధ్య మా శాఖ సభ్యులము కొందరము ఈ కుటుంబాలను పిలిచి, ఒక సాయంత్రము గోడకు తెల్లని గుడ్డ కట్టి, పాత తెలుగు చిత్రమొకటి ప్రదర్శించాము. అది 1969లో వచ్చిన ‘మనుషులు మారాలి’. కార్మికుల కథ గనుక కార్మికులకు నచ్చుతుందని అనుకొన్నాము. అంతకు మించిన ఆలోచన మాకు లేదని ఒప్పుకొనవలె. చిత్రము ముగిసి దీపాలు వెలిగిన తరువాత చాలాసేపు ఎవరూ లేవలేదు. అప్పుడు నడివయస్సు స్త్రీ ఒకామె, చిన్నపిల్లను ఒడిలోనుండి దింపుతూ అడిగినది: “గా యూనియనోళ్లు ఒక్కలు గూడ రాకపాయిరేందన్నా? గంత మంది సమ్మె జేసిండ్రు గదా!”

మాలో సమాధానము చెప్పినవారు లేరు. ఈ వ్యాసము ఆ ప్రశ్న నుండి పుట్టినది. అయితే ప్రశ్న దగ్గరకు వెళ్ళే ముందు, దానిని మన ముందు నిలిపిన దర్శకుని గురించి కొంత చెప్పుకొనుట న్యాయము. ఆయన పేరు నేటి తరము ఉద్యోగులలో అనేకులకు తెలియదు.

వీరమాచనేని మధుసూదనరావు గారిని చిత్రసీమ ‘విక్టరీ’ మధుసూదనరావు అని పిలిచినది. ఆయన చిత్రాలు వరుసగా జయము పొందినందున వచ్చిన పేరది. ఆ బిరుదు వెనుక మరుగున పడిన సంగతి ఏమనగా, ఆయన ప్రజానాట్యమండలి వైపు నుండి వచ్చినవాడు. 1943లో పుట్టిన ఆ మండలి బుర్రకథను, వీధి భాగవతాన్ని, నాటకాన్ని పొలాలకు, బస్తీలకు తీసుకొనిపోయినది. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్ల ‘మా భూమి’ నాటకాన్ని ఊరూరా ఆడినది. తరువాత నిర్బంధము వచ్చినది, దళాలు చెదరిపోయినవి, కళాకారులలో చాలామంది మద్రాసు చేరారు. ‘పుట్టిల్లు’ తీసిన డాక్టరు గరికపాటి రాజారావు, ‘పల్లెటూరు’ తీసిన తాతినేని ప్రకాశరావు, కె.బి. తిలక్, నటులు మిక్కిలినేని, అల్లు రామలింగయ్య మొదలైనవారు ఆ దారినే వచ్చినవారు. తెలుగు చిత్రాలలో యాభై, అరవై దశకాలలో కూలివాని ఇల్లు, కౌలురైతు అప్పు, మిల్లు సైరను వినిపించినవంటే, అందుకు వీరి సామాను పెట్టెలలో ఉన్న ఆ పాత నాటక ప్రతులు కొంత కారణము.

మధుసూదనరావు గారు 1959లో ‘సతీ తులసి’తో దర్శకుడయ్యారు. ఆ మరుసటి సంవత్సరము వి.బి. రాజేంద్రప్రసాద్ గారి జగపతి సంస్థకు తొలి చిత్రము ‘అన్నపూర్ణ’ తీశారు. 1962లో ‘ఆరాధన’, ‘రక్తసంబంధం’, 1964లో ‘ఆత్మబలం’, 1965లో ‘వీరాభిమన్యు’, ‘అంతస్తులు’. ఈ ‘అంతస్తులు’ ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము పొందినది. 1973లో వచ్చిన ‘భక్త తుకారాం’ను మా ఉధ్నాలో మరాఠీ నేర్చుకొనివచ్చిన నేత పెద్దలు ఇప్పటికీ తలచుకొంటారు, భివండీలో ఉండగా ఆ సంతుని అభంగాలు విన్నవారు గనుక. జాబితా ఇంకా పొడవుగా ఉన్నది కాని, జాబితాలు సన్మాన పత్రాలకు సరిపోతాయి. మన పని వేరు.

విమర్శకులు ఆయనపై మోపే అభియోగము ఒకటున్నది. ఆయన చిత్రాలలో పలు పేరుపొందినవి ఇతర భాషల కథలు: ‘రక్తసంబంధం’ తమిళము నుండి, ‘ఆత్మబలం’ బెంగాలీ నుండి, ‘మనుషులు మారాలి’ మలయాళము నుండి వచ్చినవి. తెచ్చుకొన్న కథలతో గెలిచినవానికి సొంత గొంతు ఏదని వారి వాదము. ఈ అభియోగాన్ని మేము పూర్తిగా కొట్టివేయము. ఆయన చిత్రాలలో కొన్ని కేవలము వ్యాపార సరళిలో నడిచినవేనన్నది నిజము. కాని ఒక కథను ఒక భాష నుండి మరొక భాషకు చేరవేయుటను చిన్న పనిగా చూచుట మనకు తగదు. ఒకరు వ్రాసిన ఉత్తరాన్ని మరొకరి గడపకు చేర్చుటలో మన తపాలా సోదరులు జీవితము గడుపుతున్నారు. ఉత్తరము తాము వ్రాయలేదు గనుక తమ శ్రమ తక్కువదని వారు ఎన్నడూ అనుకొనలేదు.

పైగా ‘మనుషులు మారాలి’ విషయములో ఆయన చేరవేసిన కథ ఎటువంటిదో చూడవలె. కేరళలో కె.పి.ఎ.సి. అనే ప్రజానాటక సంస్థ ఉన్నది. అది మన ప్రజానాట్యమండలికి సోదర సంస్థ వంటిది. ఆ సంస్థ కొరకు తోప్పిల్ భాసి గారు వ్రాసిన నాటకము ‘తులాభారం’. ఎ. విన్సెంట్ గారు 1968లో దానిని మలయాళ చిత్రముగా తీశారు. కలిగిన ఇంట పుట్టిన యువతి తండ్రి ఆస్తి వ్యాజ్యములో పోయి పేదరాలవుతుంది. కార్మిక నాయకుని పెండ్లాడుతుంది. సమ్మె వస్తుంది, భర్త హత్యకు గురవుతాడు. ముగ్గురు పిల్లల ఆకలి చూడలేక, వారికి విషము పెట్టి తానూ చావబోతుంది. పిల్లలు పోతారు, ఆమె బ్రతుకుతుంది. న్యాయస్థానములో ఆమెపై నేరము మోపి వాదించవలసి వచ్చినది ఆమె చిన్ననాటి స్నేహితురాలే. ఆ తల్లి పాత్ర ధరించినది తెనాలిలో పుట్టిన మన శారద. ఆమెకు ఆ పాత్ర జాతీయ ఉత్తమ నటి పురస్కారము తెచ్చినది. తరువాత తమిళములోను, తెలుగులోను, హిందీలోను ఆ తల్లిగా ఆమెయే నటించినది. తెలుగు, హిందీ చిత్రాలు రెండింటికీ దర్శకుడు మధుసూదనరావు గారు.

ఇక్కడ ఒక చిన్న విషయము మమ్ములను చాలా ఆలోచింపజేసినది. కథ ఒక్కటే, పేర్లు మూడు. మలయాళము వారు ‘తులాభారం’ అన్నారు. న్యాయదేవత చేతి త్రాసు, దేవుని గుడిలో మ్రొక్కుబడి తూకము, రెండూ ఆ పేరులో ధ్వనిస్తాయి. 1970లో వచ్చిన హిందీ చిత్రానికి ‘సమాజ్ కో బదల్ డాలో’ అని పేరు పెట్టారు. అది సమాజాన్ని మార్చివేయండని వీధిలో వేసే నినాదము. తెలుగులో మాత్రము ‘మనుషులు మారాలి’. త్రాసు లేదు, నినాదము లేదు. ఎదుట కూర్చున్నవాని ముఖము చూచి చెప్పిన మాట వలె ఉన్నది. ఎవరు మారాలి? మిల్లు యజమానియా? న్యాయస్థానమా? ఇరుగుపొరుగా? పేరు చెప్పలేదు. చెప్పనందువల్లనే ఆ మాట యాభై ఏళ్ళు దాటిన తరువాత ఉధ్నాలో ఒక గోడ మీద నుండి మా వైపు తిరిగినది.

ఆ చిత్రము వచ్చిన కాలాన్ని కూడ జ్ఞప్తికి తెచ్చుకొనవలె. 1968 సెప్టెంబరు 19న కేంద్ర ప్రభుత్వోద్యోగులు అవసరాల ఆధారముగా కనీస వేతనము కోరి ఒకనాటి సమ్మె చేశారు. రైల్వే, తపాలా ఉద్యోగులు అందులో ముందు వరుసలో ఉన్నారు. ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది, వేలమందిని నిర్బంధించినది. పఠాన్‌కోటలో కాల్పులకు మన సోదరులు బలి అయ్యారు. ‘తులాభారం’ ఆ సంవత్సరపు చిత్రము. ‘మనుషులు మారాలి’ ఆ మరుసటి సంవత్సరపు చిత్రము. సమ్మెలో భర్త పోయిన ఇల్లాలి కథను తెరపై చూచి ఆనాటి ప్రేక్షకుడు ఏడ్చినాడంటే, అతడు కేవలము శారద నటనకు ఏడ్వలేదు. ఐదేళ్ళ తరువాత 1974 మే 8న మొదలై ఇరవై రోజులు సాగిన రైల్వే సమ్మెలో వేలాది మంది ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు. క్వార్టర్ల నుండి కుటుంబాలను సామానుతో సహా వీధిన పడవేశారు. 1977లో ప్రభుత్వము మారిన తరువాత తీసివేయబడినవారిని తిరిగి తీసుకొన్నారు. ఆ మధ్యకాలములో ఎవరి పొయ్యి వెలిగినది, ఎవరిది వెలగలేదు అన్నది మన పాత కాలనీలలోని వృద్ధ స్త్రీలకు తెలుసు. నాయకుల చరిత్ర వ్రాసుకొన్నాము. ఆ పొయ్యిల చరిత్ర మనము వ్రాసుకొనలేదు.

మధుసూదనరావు గారి జీవితములో రెండవ భాగము మమ్ములను ఇంకా ఎక్కువగా ఆకర్షించినది. ఆయన గురువు. ఆనాటి దర్శకుని వద్ద సహాయకుడుగా చేరుట అంటే బడిలో చేరుటయే. కథా చర్చలలో ఒక మూల కూర్చొని, ఏ సన్నివేశము ఎందుకు ముందుకు వచ్చినదో, ఏది ఎందుకు తీసివేయబడినదో వినుట. వ్రాతప్రతి నకళ్ళు తీయుట. నటులకు సంభాషణలు అందించుట. నిన్న తీసిన దృశ్యములో పమిట ఏ భుజముపై ఉన్నదో గుర్తుంచుకొనుట. చిత్రానువాదము వ్రాయుట నేర్పే పుస్తకము తెలుగులో దొరకని ఆ రోజులలో, పని మధ్యలో విన్న ఆ మాటలే పాఠ్యగ్రంథము. నెల్లూరు జిల్లా నుండి నటుడు కావలెనని మద్రాసు వచ్చిన ఎ. కోదండరామిరెడ్డి ఆయన వద్ద సహాయకుడై, తరువాత 1983లో ‘ఖైదీ’ తీశారు. పి.సి. రెడ్డి కూడ ఆయన వద్ద పని చేసి దర్శకుడైనవారే.

తరువాత ఆయన హైదరాబాదులో మధు ఫిలిం ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. శ్రీకాంత్, శివాజీరాజా వంటి నటులు అక్కడ శిక్షణ పొందినవారే. దర్శకునికి వయస్సు వచ్చిన తరువాత ఇంటి వద్ద కూర్చొని పాత పురస్కారాలు తుడుచుకొనుట సులభము. బెరుకుగా నిలబడిన పల్లె కుర్రవాని ముందు కూర్చొని, ‘చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడము లేదా, సరే, మళ్ళీ నడువు’ అనుట ఓపికతో కూడిన కూలిపని. శిక్షణలో ఉన్న గ్యాంగ్‌మన్ పక్కన నడిచి, ఏ ఫిష్‌ప్లేటు వదులైనదో సుత్తి చప్పుడును బట్టి చెప్పే మేస్త్రీ శ్రమ ఎటువంటిదో ఇది అటువంటిది. బండి గమ్యము చేరిన తరువాత దాని ఊసు ఎవరూ ఎత్తరు. తెలుగు సినిమాలో నేడు వారసత్వము మీద ఎన్ని మాటలు వినిపిస్తున్నా, నటన పుట్టుకతో వచ్చే ఆస్తి కాదు, నేర్చుకొనదగిన వృత్తి అని ఆ తరము గురువులు చేతలతో నిరూపించారు. రాష్ట్ర ప్రభుత్వము ఆయనకు రఘుపతి వెంకయ్య పురస్కారమిచ్చి గౌరవించినది. 2012 జనవరిలో ఆయన హైదరాబాదులో కన్నుమూశారు.

ఇక ఆ సోదరి ప్రశ్న. చిత్రములో యూనియను ఉన్నది, జెండా ఉన్నది, శ్రీశ్రీ పాట ఉన్నది, నాయకుడు నిజాయితీపరుడు. అతడు చనిపోయిన తరువాత అతని పిల్లల ఆకలిని ఎవరి సాయమూ ఆపలేదు. దీనిని చిత్రానువాదములోని లోపమని కొట్టివేయవచ్చును. మాలో ఒక మిత్రుడు అదే అన్నాడు: ‘విషాదము పండవలెనంటే సంఘాన్ని పక్కకు తప్పించక తప్పదు, అది రచయిత అవసరము’ అని. కథ నిర్మాణము దృష్టితో ఆ మాట సరియైనదే కావచ్చును. ఆ తల్లి ఇంటికి నలుగురు కార్మికులు బియ్యము తెచ్చి ఇచ్చినట్లయితే మూడవ అంకము ఉండదు. కాని మేము ఆ రాత్రి ఇంటికి పోతూ అనుకొన్నది వేరు. ఆ ఖాళీ రచయిత కల్పించినది కాదేమో, చూచి వ్రాసినదేమో. తోప్పిల్ భాసి సంఘాలకు బయటివాడు కాదు, ఉద్యమములో మెలగినవాడు. మధుసూదనరావు గారూ బయటివారు కారు. లోపలివారే వ్రాసి, లోపలివారే తీసిన చిత్రములో ఆ గడప ముందు మన మనిషి ఒక్కడూ ఎందుకు లేడు?

మన సంగతి చూడండి. రైల్వేలో గాని, తపాలాలో గాని ఉద్యోగి మధ్యలో మరణిస్తే కుటుంబ పింఛను ఉన్నది, గ్రాట్యుటీ ఉన్నది, కారుణ్య నియామకము కొరకు దరఖాస్తు పెట్టే దారి ఉన్నది. ఆ దారి ఎంత ఇరుకైనదో, ఎన్ని సంతకాలు కావలెనో, ఎన్ని కొర్రీలు వస్తాయో ఈ పత్రికలోనే పలుమార్లు వ్రాశాము. అయినా దారి అంటూ ఉన్నది. అది పోరాడి తెచ్చుకొన్నది. మా క్వార్టర్లకు కొన్ని వీధుల అవతల మరమగ్గాలపై పండ్రెండు గంటల పాళీ చేసే మనిషికి కూలి మీటరు లెక్కన. మగ్గము ఆగితే కూలి ఆగుతుంది. అతని పేరు చాలాచోట్ల ఏ హాజరు పట్టీలోను ఉండదు. పేరు లేనివానికి భవిష్యనిధి ఎక్కడిది, ఇ.ఎస్.ఐ. ఎక్కడిది? అతడు పోతే భార్య నవజీవన్ ఎక్కి ఊరికి పోతుంది. లేదా పెద్ద పిల్లవాడు బడి మాని అదే మగ్గము దగ్గర నిలబడతాడు. ఇది 1969 నాటి కథ కాదు. మా హాలులో ఆ రాత్రి ఎవరూ లేవకుండా కూర్చున్నది ఇందుకే.

వారు మన సభ్యులు కారు, వారి చందా మనకు రాదు, వారి సంఘాలు వారికి ఉండవలె అని అనేవారున్నారు. చివరి మాట నిజము. మగ్గాల కార్మికుల సంఘము మగ్గాల కార్మికుల చేతిలోనే ఉండవలె. కాని భాష ఒకటై, వీధి ఒకటై ఉన్నచోట మన వద్ద ఉన్నది వారికి అందకుండా ఉండుటకు ఆ నిజాన్ని అడ్డము పెట్టుకొనరాదు. మన వద్ద ఏమున్నది? చదువు, ఫారాలు నింపే అలవాటు, నియమావళి తెలిసిన వారు, సాయంత్రాలు ఖాళీగా ఉండే హాళ్ళు. తపాలా కార్యాలయములో పొదుపు ఖాతా ఉన్నవారు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరవచ్చును: సంవత్సరానికి 20 రూపాయలు, ప్రమాదములో మరణము సంభవిస్తే కుటుంబానికి రెండు లక్షలు. అసంఘటిత కార్మికుల నమోదు కొరకు 2021లో మొదలైన ఇ-శ్రమ్ ఉన్నది. ఇవి సమ్మెకు గాని, హాజరు పట్టీకి గాని ప్రత్యామ్నాయాలు కావు. రోగముతో పోయినవానికి ఆ 20 రూపాయల బీమా వర్తించదు కూడ. అయినా ఇవి ఉన్నాయన్న సంగతియే మా హాలుకు వచ్చినవారిలో చాలామందికి తెలియదు. బల్లకు ఇటువైపు కూర్చునే మనకు తెలుసు. తెలిసి చెప్పనివారు మారాలా, వద్దా?

మధుసూదనరావు గారి గురుత్వము నుండి మరొక ఆలోచన కలిగినది. మన కాలనీలలో ఒకప్పుడు నాటకాలుండేవి. రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో, తపాలా రిక్రియేషన్ క్లబ్బులలో గుమాస్తాలు ముఖానికి రంగు వేసుకొని పరిషత్తు పోటీలకు పోయేవారు. కొన్నిచోట్ల ఆ హాళ్ళు ఇప్పుడు పెండ్లి విందులకు తప్ప తెరుచుకొనుట లేదు. తెర లాగుట తెలిసినవారు, సంభాషణ పలుకుట తెలిసినవారు పింఛను తీసుకొని ఇంటి వద్ద ఉన్నారు. నేత కుటుంబాల పిల్లలలో తెలుగు మాట్లాడటము వచ్చి వ్రాయుట రానివారు చాలామంది; బడి గుజరాతీది లేదా హిందీది. వారికి ఒక గదిలో వారానికి ఒక పూట, తమ ఇంటి కథను తెలుగులో సన్నివేశముగా చెప్పుట, వ్రాయుట, ఆడుట నేర్పగలవారు మనలో లేరా? ఆ చిత్రములో తప్పిన సన్నివేశాన్ని, అనగా ఆ గడప ముందుకు నలుగురు వచ్చే సన్నివేశాన్ని, ఆ పిల్లల చేతనే వ్రాయించి చూడవలెనని మా శాఖలో ఒక యువ సార్టరు సూచించాడు. అది నాటకముగా నిలుస్తుందో లేదో మాకు తెలియదు. నిలవకపోయినా ఫరవాలేదు.

ఫెడరేషను నాయకత్వానికి మా మనవి ఇది: తెలుగు కార్మిక కుటుంబాలు నివసించే సూరతు, భివండీ, షోలాపురము, అహమ్మదాబాదు వంటి చోట్ల మన శాఖలు నెలకొక పూట హాలు తెరచి, ఫారాలు నింపిపెట్టే పనిని తమ కార్యక్రమములో చేర్చుకొనవలెనని తీర్మానము చేయండి. ఖర్చు పెద్దది కాదు. రెండు బల్లలు, నలుగురు మనుషులు.

ఉధ్నాలో మేము తీర్మానము కొరకు ఆగలేదు. ఆ సోదరి రెండవ ఆదివారము తన వీధి నుండి మరికొందరిని వెంటబెట్టుకొని వచ్చినది. ఫారములో నామినీ అన్న గడి దగ్గర ప్రతివారూ ఆగుతున్నారు. తాము లేని రోజును ఊహించుకొని భార్య పేరు వ్రాయించుట వారికి అపశకునముగా తోస్తున్నది. ఆ గడి ఖాళీగా ఉన్న ఫారాలు కొన్ని మా బల్లపై ఇంకా ఉన్నవి. వాటి కొరకు వచ్చే ఆదివారము మళ్ళీ కూర్చొంటాము.